యూకేలో ప్రైవేట్ పార్కింగ్ చార్జీ లేఖ వస్తే: అప్పీల్ నుంచి కోర్టు దాకా (ఈ ప్రశ్నలన్నీ ఇక్కడే అడగండి)

గోదారిగట్టు

సూపర్‌మార్కెట్ దగ్గరో, అపార్ట్‌మెంట్ ఆవరణలోనో బండి ఆపినందుకు వంద పౌండ్లు కట్టమని ఇంటికి లేఖ వచ్చింది, ఏం చెయ్యాలి? మన ఫోరంలో కొత్తగా చేరినవాళ్లలో సగం మంది అడిగేది ఇదే. విడివిడిగా రాసిన జవాబులు ఎక్కడివక్కడే మరుగున పడిపోతున్నాయి, అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నా. నేను చెప్పేది ఇంగ్లండ్, వేల్స్‌కి మాత్రమే.

ముందు లేఖ ఎవరు పంపారో చూడండి. కౌన్సిల్ గానీ పోలీసు గానీ పంపితే దాని దారి వేరు. కంపెనీ పేరు ఉండి, అడుగున బీపీఏ లేదా ఐపీసీ (రెండూ పార్కింగ్ కంపెనీల సంఘాలు) ముద్ర ఉంటే అది ప్రైవేట్. రెండింటినీ పీసీఎన్ అనే పిలుస్తారు కాబట్టి ఆ మూడక్షరాల్ని బట్టి ఏమీ తేల్చుకోవద్దు. ప్రైవేట్ వాళ్లకి జరిమానా వేసే అధికారం లేదు. గేటు దగ్గర బోర్డు మీద షరతులు రాశాం, లోపలికి వచ్చారంటే ఒప్పుకున్నట్టే, షరతు తప్పారు కాబట్టి ఇంత బాకీ ఉన్నారు అని వాళ్ల వాదన. క్రిమినల్ రికార్డుకీ దీనికీ సంబంధం లేదు.

అసలు కీలకం ఇది. ఆ ఒప్పందం డ్రైవర్‌తో. కెమెరాకి తెలిసేది నంబర్ ప్లేటు. ప్లేటు పట్టుకుని, బళ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏకి 2.50 పౌండ్లు కడితే వచ్చేది రిజిస్టర్డ్ కీపర్ (బండి ఎవరి పేరు మీద నమోదైందో వాళ్లు) పేరు, చిరునామా. కీపరే నడిపాడని వాళ్లకి తెలియదు. ఆ లోటు పూడ్చడానికే 2012 ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టంలో నాలుగో షెడ్యూల్ పెట్టారు. మనవాళ్లంతా పోఫా అంటారు. డ్రైవర్ ఎవరో తెలియకపోయినా కీపర్ దగ్గర వసూలు చెయ్యొచ్చు, కానీ ఆ షెడ్యూల్‌లో చెప్పిన గడువులు (కెమెరా కేసుల్లో 14 రోజులు), చెప్పిన మాటలు లేఖలో తు.చ. తప్పకుండా ఉండాలి. ఒక్కటి తప్పినా కీపర్ మీదికి బాధ్యత రాదు.

కాబట్టి లేఖ చేతికి రాగానే చెయ్యకూడని పని, కంగారుపడి వాళ్ల వెబ్‌సైట్‌లో "నేను పాలు కొనడానికి ఆగాను, అయిదు నిమిషాలే" అని రాసెయ్యడం. నడిపింది మీరేనని రాతపూర్వకంగా ఒప్పుకున్నాక పోఫా మీకు అక్కరకు రాదు. "డ్రైవర్", "వాహనం" అని రాయండి. "నేను ఆపాను", "మేము షాపులోకి వెళ్లాం" అని మాత్రం వద్దు. అబద్ధం ఆడమనడం లేదు. ప్రైవేట్ కంపెనీకి డ్రైవర్ పేరు చెప్పి తీరాలన్న చట్టం లేదు, అంతే. పోలీసు వేగం కేసులో మాత్రం చెప్పి తీరాలి, ఆ రెండూ కలపకండి.

ఓరుగల్లు పోరడు

అన్నా, గీ 14 దినాల లెక్క జర ఇడమర్చి చెప్పు. లేఖ మీద తారీఖు చూడాల్నా, ఇంటికి వచ్చిన తారీఖు చూడాల్నా? మస్తు మంది ఈడనే గల్లంతు అయితున్నరు.

గోదారిగట్టు

రెండూ కాదు తమ్ముడూ. పోఫా తొమ్మిదో పేరా ప్రకారం, అద్దం మీద టికెట్ అంటించకుండా కెమెరాతో పట్టిన కేసుల్లో, పార్కింగ్ ముగిసిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లోపు నోటీసు కీపర్‌కి చేరాలి. పోస్టు చేసిన రోజు తర్వాత రెండో పనిదినాన చేరినట్టు చట్టం భావిస్తుంది.

ఉదాహరణకి పార్క్ చేసింది 2025 మార్చి 3, సోమవారం. మొదటి రోజు మార్చి 4, పద్నాలుగో రోజు మార్చి 17. గురువారం 13న పోస్టు చేస్తే శుక్రవారం ఒకటి, శని ఆదివారాలు తీసేసి సోమవారం రెండు. 17న చేరినట్టు, అంటే గడువులోనే. అదే శుక్రవారం 14న పోస్టు చేస్తే చేరేది మంగళవారం 18న. ఒక్క రోజు ఆలస్యం, కీపర్ బాధ్యత పోయింది.

ఇంకో చిక్కు. లేఖ మీద ఉండేది "జారీ తేదీ". చాలా కంపెనీలు ముద్రణ, పోస్టింగ్ బయటివాళ్లకి అప్పగిస్తాయి కాబట్టి జారీ చేసిన రోజే పోస్టులో పడిందని ఏమీ లేదు. జారీ తేదీతోనే గడువు దాటితే ఇక వాదన అక్కర్లేదు. అంచున ఉంటే ఏ రోజు పోస్టు చేశారో రుజువు చూపమని పోప్లాలో (బీపీఏ కంపెనీల మీద స్వతంత్ర అప్పీల్ వినే సంస్థ) అడగండి. కవరు పారెయ్యకండి.

అద్దం మీద టికెట్ ఉంటే ఈ 14 రోజులు వర్తించవు. అప్పుడు ఎనిమిదో పేరా. మొదటి 28 రోజులు డ్రైవర్ కట్టడానికి, ఆ తర్వాతి 28 రోజుల్లో, అంటే 29వ రోజుకీ 56వ రోజుకీ మధ్య, కీపర్‌కి నోటీసు చేరాలి. కొందరు టికెట్ చూసిన సాయంత్రమే అప్పీల్ పెట్టి, పేరు, చిరునామా, నడిపింది తామేనన్న ముక్క, మూడూ ఉచితంగా అందించేస్తారు.

లలితా లెస్టర్

గడువు ఒకటే చూసి వదిలెయ్యకండి, లేఖలో ఏం రాశారో కూడా చూడాలి. నేనైతే పెన్సిల్ పట్టుకుని వరసగా టిక్కులు పెట్టుకోమంటాను.

ఏ స్థలం అన్నది స్పష్టంగా ఉందా? "రిటైల్ పార్క్, మాంచెస్టర్" అని ఊరుకుంటే ఏ రిటైల్ పార్క్ అని అడగొచ్చు. "పార్కింగ్ జరిగిన కాలం" ఉందా? కెమెరా లేఖల్లో ఉండేది లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్లిన సమయం. ఖాళీ కోసం తిరిగిన పది నిమిషాలు, బయటికి వెళ్లే వరసలో నిలబడిన పదిహేను నిమిషాలు కూడా ఆ లెక్కలోనే కలిసిపోతాయి. అది పార్కింగ్ కాలం కాదని గట్టిగా వాదించవచ్చు. డ్రైవర్ ఎవరో, అతని చిరునామా ఏమిటో తమకి తెలియదని చెప్పి, కీపర్‌ని కట్టమనో, నడిపింది వేరేవాళ్లయితే వాళ్ల పేరు, చిరునామా చెప్పి నోటీసు వాళ్లకి అందించమనో అడిగారా? నోటీసు అందిన మర్నాటి నుంచి 28 రోజులు గడిచాక చట్టం ప్రకారం కీపర్ దగ్గర వసూలు చేసే హక్కు వస్తుందని హెచ్చరించారా? ఈ చివరి పేరా లేని లేఖలు ఇంకా వస్తూనే ఉన్నాయి. కొన్ని కంపెనీలు అసలు పోఫా జోలికే పోకుండా, "మీరు డ్రైవరో కాదో తెలియదు గానీ డ్రైవరే అని భావిస్తున్నాం" అన్న ధోరణిలో రాస్తాయి. ఆ భావనకి చట్టబలం లేదు. 2023లో వీసీఎస్ వర్సెస్ ఎడ్వర్డ్ అప్పీల్‌లో సర్క్యూట్ జడ్జి చెప్పింది ఇదే: కీపర్ అయినంత మాత్రాన అతనే నడిపాడని అనుకోవడానికి వీల్లేదు.

శీను సౌతాల్

ఇంత తతంగం ఎందుకండీ బాబూ. చించి చెత్తబుట్టలో వెయ్యండి. నాలుగు లేఖలు రాసి వాళ్లే నోరు మూసుకుంటారు. ఇక్కడ పాతికేళ్లుగా ఉన్నవాళ్లంతా ఇదే చెబుతారు.

పెన్నాతీరం

శీను గారూ, పాతికేళ్లుగా ఉన్నవాళ్లు చెప్పింది 2012 అక్టోబర్‌కి ముందు మాట. అప్పుడు కీపర్ బాధ్యత లేదు, చాలామంది చించేసి బతికిపోయారు. ఆ నెలలోనే ప్రైవేట్ స్థలంలో చక్రాలకి క్లాంప్ వెయ్యడం నిషేధించి, బదులుగా కీపర్ మీద వసూలు హక్కు ఇచ్చారు. 2015 నవంబర్‌లో సుప్రీంకోర్టు పార్కింగ్‌ఐ వర్సెస్ బీవిస్ తీర్పుతో మిగిలిన తలుపు కూడా మూసుకుంది. చెమ్స్‌ఫర్డ్‌లో రెండు గంటల ఉచిత పార్కింగ్, 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు 85 పౌండ్లు. అది చెల్లుతుందన్నారు. కాబట్టి "వాళ్లకి నష్టం ఏమీ జరగలేదు కదా, ఇంత ఎందుకు" అన్న వాదన ఇక పనిచెయ్యదు. పాత టెంప్లేట్లు వాడేవాళ్లు ఆ పేరా కొట్టేయండి. అది కనిపిస్తే కిందిది కూడా నకలే అని చదివేవాడికి తెలిసిపోతుంది.

అయితే ఆ తీర్పు మనకీ పనికొస్తుంది. అక్కడ బోర్డులు పెద్దవి, బోలెడన్ని, చార్జీ మొత్తం కొట్టొచ్చినట్టు కనపడేది, అందుకే చెల్లింది. మీ దగ్గర చార్జీ సంగతి చీమతలకాయంత అక్షరాల్లో చివరి వరసలో ఉంటే, మాది బీవిస్ లాంటి కేసు కాదు అనడానికి అదే ఆధారం.

చించేస్తే ఏమవుతుందో కోర్టు దశ దగ్గర రాస్తాను. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమే.

ఓరుగల్లు పోరడు

అప్పీల్ కన్నా ముందు ఇంకో పని ఉంటది, ఎవరూ చెప్తలేరు. ఆ జాగ ఎవరిదో వాళ్ల దగ్గరికి పోవాలె. పార్కింగ్ కంపెనీ కాపలా కాసేటోడు మాత్రమే. సూపర్‌మార్కెట్ అయితే స్టోర్ మేనేజర్‌ను కలవండ్రి, బిల్లు సూపెట్టుండ్రి, బ్యాంక్ యాప్‌ల ఆ రోజు లెక్క సూపెట్టుండ్రి. "మీ దగ్గర సామాన్ కొన్నం, రద్దు చేయించుండ్రి" అని అడగాలె. చానా స్టోర్లకు రద్దు చేయించే అధికారం ఉంటది. కౌంటర్ దగ్గర పిల్లగాడు "మాకు సంబంధం లేదు" అంటే ఆగొద్దు, హెడ్డాఫీసుకు మెయిల్ కొట్టాలె. ఆస్పత్రి అయితే పేషెంట్ సాయం చేసే పాల్స్ విభాగానికి, అపార్ట్‌మెంట్ అయితే మేనేజింగ్ ఏజెంట్‌కు. ఇది ఎన్నడు చేసినా ఫర్వాలేదు గానీ, అప్పీల్ గడువు మాత్రం దాని కోసం ఆపొద్దు. రెండూ ఒకటేసారి నడపాలె.

వాసు వైజాగ్

మెషీన్‌లో నంబర్ కొట్టేటప్పుడు ఓ బదులు సున్నా పడింది. డబ్బులు కట్టాం. దానికి కూడా వంద అడుగుతారా?

లలితా లెస్టర్

అడుగుతారు, కానీ నిలబడదు. 2024 అక్టోబర్ 1 నుంచి బీపీఏ, ఐపీసీ రెండింటికీ కలిపి ఒకే నియమావళి నడుస్తోంది. చార్జీ వంద పౌండ్లు మించకూడదు, 14 రోజుల్లో కడితే 40 శాతం తగ్గించాలి, అంటే 60. దాని చివర అప్పీల్స్ చార్టర్ అని ఒక అనుబంధం ఉంది. ఒక అక్షరం తేడా పడటం, ఓ-సున్నా తారుమారు కావడం చిన్న తప్పు కిందికి వస్తుంది, రుజువు చూపిస్తే రద్దు చెయ్యాలి. ఇంట్లో ఉన్న రెండో కారు నంబర్ మొత్తం కొట్టేస్తే పెద్ద తప్పు. అప్పుడు 14 రోజుల పాటు 20 పౌండ్లకి తగ్గించాలి. మెషీన్ రసీదు గానీ, యాప్ చరిత్ర స్క్రీన్‌షాట్ గానీ జత చేసి, చార్టర్ పేరు ఎత్తి అడగండి. పేరు ఎత్తకుండా "పొరపాటైంది, దయచేసి" అంటే ముందే రాసిపెట్టుకున్న తిరస్కరణ లేఖ వస్తుంది.

అదే నియమావళిలో ఇంకో రెండు. లోపలికి వచ్చి బోర్డు చదివి, నచ్చకపోతే వెళ్లిపోవడానికి కనీసం 5 నిమిషాలు ఇవ్వాలి. కట్టిన సమయం అయిపోయాక వెళ్లడానికి 10 నిమిషాల గ్రేస్ ఇవ్వాలి. అసలు డబ్బే కట్టనివాళ్లు ఆ పది నిమిషాలు అడిగితే నవ్వుతారు. 2025 ఫిబ్రవరిలో ఇంకో సవరణ వచ్చింది. కెమెరా పార్కింగ్‌లో వచ్చిన 5 నిమిషాల్లో కట్టలేదన్న ఒక్క కారణంతో, వెళ్లేలోపు కట్టేసినవాళ్లకి చార్జీ వెయ్యకూడదు. సిగ్నల్ లేక యాప్ తెరుచుకోని చోట్ల ఇదే రక్ష.

గుర్తుంచుకోండి, ఇది పరిశ్రమ తనకి తాను రాసుకున్న నియమావళి. 2019లో చట్టం చేసి, 2022లో ప్రభుత్వమే ఒకటి ప్రకటించి, కంపెనీలు కోర్టుకెళ్లడంతో కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకుంది. 2025లో మళ్లీ అభిప్రాయ సేకరణ జరిపారు.

గోదారిగట్టు

మొదటి అప్పీల్ ఎలా ఉండాలో రాస్తున్నా. కంపెనీకి పెట్టేది పొట్టిగా చాలు. అక్కడ చదివేవాడికి గెలిపించాలన్న ఉద్దేశం ఉండదు, పోప్లా కోడ్ తెచ్చుకోవడానికే ఈ మెట్టు. ఇంగ్లీషులో ఈ అర్థం వచ్చేలా రాసుకోండి:

"నేను ఈ వాహనం కీపర్‌ని. ఈ చార్జీ నేను బాకీ లేను. మీ నోటీసు 2012 చట్టం నాలుగో షెడ్యూల్‌లోని షరతులు పూర్తిగా పాటించలేదు, కాబట్టి కీపర్ మీద బాధ్యత మోపలేరు. డ్రైవర్ ఎవరో చెప్పాల్సిన విధి నాకు లేదు, చెప్పడం లేదు. బోర్డుల మీద చార్జీ స్పష్టంగా లేదు. రద్దు చెయ్యండి, లేదా స్వతంత్ర అప్పీల్ కోడ్ ఇవ్వండి."

నోటీసు అన్ని విధాలా సరిగ్గా ఉంటే పోఫా వాక్యం తీసేసి మీ అసలు కారణం పెట్టండి. లేని లోపం ఉందని రాస్తే పోప్లాలో పరువు పోతుంది.

వెబ్‌సైట్ ఫారంలో "మీరు ఎవరు?" అన్నచోట డ్రైవర్, కీపర్, హైరర్ అని చుక్కలుంటాయి. తొందరలో మొదటిది నొక్కేస్తారు. కీపర్ నొక్కండి. పంపేముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. తీరా చూస్తే అందలేదని రాసే కంపెనీలకి కొదవ లేదు. గడువు 28 రోజులు. తగ్గింపు మీద ఆశ ఉంటే 14 రోజుల్లోపే పంపండి. తిరస్కరించినా ఇంకో 14 రోజులు ఆ 60కే కట్టే అవకాశం మామూలుగా ఇస్తారు, తిరస్కరణ లేఖలో చూసుకోండి.

లలితా లెస్టర్

పోప్లా గురించి. బీపీఏ కంపెనీ అయితే తిరస్కరణ లేఖలో పది అంకెల కోడ్ ఉంటుంది. 28 రోజుల్లో పెట్టాలి. మీకు ఖర్చు లేదు. తీర్పు కంపెనీని కట్టిపడేస్తుంది, మిమ్మల్ని కట్టిపడెయ్యదు. ఓడిపోతే మాత్రం 60 పోయి 100 అవుతుంది.

సైట్‌లో కారణం అడిగినప్పుడు "ఇతర" ఎంచుకుని, మొత్తం వాదన పీడీఎఫ్‌గా జతచెయ్యండి. ఒక్కో అంశానికి ఒక శీర్షిక, కింద ఫొటో. మామూలుగా నిలబడేవి: కీపర్ బాధ్యత లేకపోవడం, డ్రైవర్ ఎవరో రుజువు లేకపోవడం, బోర్డులు, స్థల యజమాని ఇచ్చిన అధికారం, కెమెరా లెక్క. యజమాని అధికారం అంశం ఎప్పుడూ పెట్టండి. ఒప్పందం చూపించాల్సిన భారం వాళ్లదే. పేజీలు నల్లగా పూసిన కాగితం, గడువు తీరిన ఒప్పందం, వేరే కంపెనీ పేరుతో సంతకం, ఇవన్నీ బయటపడేది అక్కడే.

ఆ తర్వాత కంపెనీకి 21 రోజులు. సాక్ష్యాల కట్ట ఎక్కించగానే మీకు మెయిల్ వస్తుంది, వ్యాఖ్యలకి 7 రోజులే. చాలామంది ఇక్కడ నిద్రపోతారు. కట్ట మొత్తం చదవండి. బోర్డు ఫొటోలు ఏ తేదీవి? పగలు తీసినవి పెట్టారా, మీ సంఘటన రాత్రి ఏడున్నరకా? డిసెంబర్‌లో నాలుగు గంటలకే చీకటి పడే దేశం ఇది, దీపం లేని బోర్డు చదవడం కుదరదు. స్థలం మ్యాప్‌లో చూపిన బోర్డు అక్కడ నిజంగా ఉందా? మీరు మొదట ఎత్తిన ఏ అంశానికి వాళ్లు జవాబే ఇవ్వలేదు? అది రాయండి. కొత్త వాదన ఏడు రోజుల్లో ఎత్తితే తీసుకోరు.

జాలి పుట్టించే కథలు అక్కడ పనిచెయ్యవు. అమ్మకి ఒంట్లో బాగోలేదు, పిల్లాడు ఏడ్చాడు అన్నవి కంపెనీకి రాసే మొదటి అప్పీల్‌లో, స్టోర్ మేనేజర్ దగ్గర చెప్పండి.

ఐపీసీ కంపెనీ అయితే పోప్లా బదులు ఐఏఎస్ అని వేరే అప్పీల్ సేవ ఉంది. దాని మీద నాకు పెద్ద ఆశ లేదు. నోటీసులో కొట్టొచ్చినట్టు కనపడే లోపం ఉంటే పెట్టండి, లేకపోతే మీ ఇష్టం.

వాసు వైజాగ్

ఒకే రోజు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్తే మొత్తం ఎనిమిది గంటలు ఉన్నట్టు లేఖ వచ్చింది.

పెన్నాతీరం

కెమెరా మొదటిసారి బయటికి వెళ్లడాన్నీ, రెండోసారి లోపలికి రావడాన్నీ పట్టుకోలేదు. ముందు కారు వెనకాల అంటుకుని వెళ్లినా, ప్లేటు మురికిగా ఉన్నా జరుగుతుంది. ఆ మధ్యలో బండి వేరేచోట ఉందని చూపించేది ఏదైనా పనికొస్తుంది: పెట్రోలు బిల్లు, ఇంకో షాపు కార్డు చెల్లింపు, ఫోన్ టైమ్‌లైన్, ఆఫీసు గేటు రికార్డు. దాంతోపాటు కంపెనీ డేటా ప్రొటెక్షన్ అధికారికి సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పంపండి. ఆ రోజు ఈ నంబర్‌తో తీసిన ప్రతి ఫొటో, చివరలు కలవని రికార్డులతో సహా, ఇమ్మని అడగండి. ఉచితం, ఒక నెలలో ఇవ్వాలి. మధ్య ఫొటోలు చాలాసార్లు వాళ్ల సర్వర్‌లోనే దొరుకుతాయి.

ఇక కోర్టు దశ. చించేసినవాళ్లు కూడా ఇది చదవండి.

ముందు వసూళ్ల కంపెనీల లేఖలు వస్తాయి. 100 కాస్తా 170 అవుతుంది. ఎర్ర అక్షరాలు, బెదిరింపు. వీళ్లకి ఏ అధికారమూ లేదు, ఇంటికి వచ్చి సామాను పట్టుకెళ్లలేరు. జవాబు అక్కర్లేదు, కానీ దాచండి. కీపర్ దగ్గర పోఫా కింద రాబట్టగలిగేది నోటీసు మీద ఉన్న మొత్తమే, ఆ 70 అందులో లేదు.

తర్వాత "లెటర్ బిఫోర్ క్లెయిమ్" వస్తే అది వేరు. 30 రోజులు ఇస్తారు. దానికి జవాబు రాయాలి: బాకీ కాదంటున్నాను, ఎందుకంటే ఇది, ఒప్పందం, ఫొటోలు పంపండి అని.

ఆ పైన కౌంటీ కోర్టు క్లెయిమ్ ఫారం నార్తాంప్టన్ నుంచి. ఇక్కడ రోజులే ప్రాణం. జారీ తేదీకి 5 రోజులు కలిపితే అందినట్టు. అందినప్పటి నుంచి 14 రోజుల్లో అక్‌నాలెడ్జ్‌మెంట్ (ఫారం అందిందన్న జవాబు) పెడితే డిఫెన్స్‌కి (మీ పూర్తి వాదనకి) మొత్తం 28 రోజులు వస్తాయి. 2025 జూన్ 2న జారీ అయితే 7న అందినట్టు, 21 లోపు అక్‌నాలెడ్జ్‌మెంట్, జూలై 5 లోపు డిఫెన్స్. 5 శనివారం కాబట్టి 7 సోమవారం సాయంత్రం నాలుగు. చివరి రోజు దాకా లాగకండి.

ఆన్‌లైన్‌లో చేసేటప్పుడు రెండు గోతులున్నాయి. "న్యాయపరిధిని సవాలు చేస్తున్నాను" అన్న గడి టిక్ చెయ్యకండి, మీరు అనుకునేది అది కాదు. అక్‌నాలెడ్జ్‌మెంట్ రోజున డిఫెన్స్ పెట్టెలో ఒక్క ముక్క కూడా రాయకండి, రాసిందే డిఫెన్స్‌గా నమోదవుతుంది. అసలు డిఫెన్స్ తర్వాత తీరిగ్గా రాయాలి. ఆ పెట్టెలో పట్టేది 122 పంక్తులే.

డిఫెన్స్ వేశాక ఎన్180 ప్రశ్నావళి, తర్వాత ఫోన్‌లో మీడియేషన్. 2024 మే 22 నుంచి వేసిన, డబ్బు వసూలు కోరే చిన్న క్లెయిమ్‌లకి ఇది తప్పనిసరి. ఉచితం, గంటలోపు. హాజరు కావాలి, కానీ రాజీ పడాలని లేదు. "సున్నా ఇస్తాను" అనొచ్చు. ఎదుటివైపు గొంతు మీకు వినపడదు, మధ్యవర్తే అటూ ఇటూ మోస్తాడు.

అంతా ఓడిపోయినా పడేది అసలు, వడ్డీ, కోర్టు ఫీజు 35, లాయర్ స్థిర ఖర్చు 50, హియరింగ్ దాకా వెళితే ఇంకో 27. ఆ 70ని చాలామంది జడ్జీలు కొట్టేస్తారు, ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. నెలలోపు కట్టేస్తే సీసీజే (కౌంటీ కోర్టు తీర్పు) రిజిస్టర్‌లోంచి తీసేస్తారు.

శీను సౌతాల్

సరే, అందరూ అంత దూరం వెళ్తారా? 60 పారేస్తే మనశ్శాంతి కదా.

గోదారిగట్టు

అదీ తప్పు కాదు శీను గారూ. బోర్డులు స్పష్టంగా ఉండి, నోటీసు గడువులోపు వచ్చి, నడిపింది మీరేనని ఎప్పుడో రాసేసి, రెండు గంటలు ఎక్కువ ఉన్నారనుకోండి, 60 కట్టి ఊరుకోవడమే మేలు. పోరాడమనేది లోపం ఉన్నప్పుడు. కాకపోతే లోపం ఉందో లేదో చూడకుండానే కట్టేవాళ్లు ఎక్కువ.

మీనా కోవెంట్రీ

స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్ మీద ఉన్నవాళ్లకి దీని వల్ల వీసా పోతుందా? మా ఇంట్లో అందరికీ ఇదే భయం.

పెన్నాతీరం

లేఖ వల్ల పోదు. అప్పీల్ పెట్టినా, ఓడినా పోదు. భయపడాల్సింది సీసీజేకి, అందులోనూ మీకు తెలియకుండా పడినదానికి. వీసా దరఖాస్తులో బాకీ కట్టనందుకు సివిల్ కోర్టు తీర్పు ఏదైనా ఉందా అని సూటిగా అడుగుతారు. ఉండి లేదని రాస్తే అసలు తీర్పు కన్నా ఆ అబద్ధమే ముంచుతుంది. ఉంటే ఉందని రాసి, కట్టిన రుజువు పెట్టండి. కట్టని సీసీజే ఆరేళ్లు ఉంటుంది, మార్ట్‌గేజ్, ఇంటి అద్దె అన్నింట్లోనూ కనిపిస్తుంది.

మన పిల్లలకి ఇది పడే దారి ఒకటే. కోవెంట్రీలో చదువుకునేటప్పుడు కారు కొంటారు, ఉద్యోగం రాగానే రీడింగ్‌కో స్లౌకో మారతారు. లైసెన్స్ మీద చిరునామా మారుస్తారు, వీ5సీ లాగ్‌బుక్ మీద మార్చరు. రెండూ వేర్వేరు రికార్డులు. పార్కింగ్ కంపెనీకి వెళ్లేది లాగ్‌బుక్ చిరునామా. నోటీసు, క్లెయిమ్ ఫారం అన్నీ పాత ఇంటికి పోతాయి, అక్కడున్న కొత్త కుర్రాళ్లు తలుపు వెనక గుట్ట వేస్తారు, జవాబు లేక తీర్పు వచ్చేస్తుంది. దాన్ని రద్దు చేయించడానికి ఎన్244 దరఖాస్తు వెయ్యాలంటే ఫీజే 300 పౌండ్ల పైన. లాగ్‌బుక్ చిరునామా మార్చడం డీవీఎల్ఏ సైట్‌లో ఉచితం, అయిదు నిమిషాల పని. మార్చకపోతే దానికే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా ఉంది.

ఇండియా వెళ్లిపోతూ స్నేహితుడికి కారు ఇచ్చేవాళ్లు అదే పూట కీపర్ మార్పు ఆన్‌లైన్‌లో చెయ్యండి, వచ్చిన మెయిల్ దాచండి. "వాడు మారుస్తాడులే" అని విమానం ఎక్కకండి.

ఓరుగల్లు పోరడు

కంపెనీ లీజు కారు ఉన్నోళ్లు ఒకటి యాద్ పెట్టుకోవాలె. నోటీసు ముందుగాల లీజు కంపెనీకి పోతది, 14 దినాల లెక్క ఆడికే. నీకు నెల తర్వాత వచ్చిందని గడువు దాటిందనకు. నీ పేరు మీద వచ్చే లేఖతోటి కిరాయి ఒప్పందం, బాధ్యత ఒప్పుకున్న కాగితం, కిరాయికి ఇచ్చినమన్న ధ్రువపత్రం, గీ మూడిటి నకళ్లు ఉండాలె. చానా కంపెనీలు పెట్టయి. పెట్టకపోతే నీ మీద బాధ్యత పడదు. లీజోళ్లు ముందే కట్టేసి నీ జీతంల కోసుకుంటే మాత్రం కష్టం, గందుకే వాళ్లకు ముందే మెయిల్ కొట్టి "కట్టొద్దు, నా పేరు ఇయ్యండ్రి" అనాలె.

వాసు వైజాగ్

అద్దె ఫ్లాట్‌లో మా సొంత బేలోనే పర్మిట్ కనపడలేదని టికెట్ అంటించారు.

లలితా లెస్టర్

టెనెన్సీ ఒప్పందం తియ్యండి. బే నంబర్ ఇచ్చి, పర్మిట్ ప్రదర్శించాలన్న షరతు అందులో లేకపోతే, తర్వాత ఎప్పుడో వచ్చిన కంపెనీ బోర్డు పెట్టి మీ హక్కు తగ్గించలేదు. ఇల్లు మీది కాదు కాబట్టి యజమాని లీజు నకలు కూడా అడగండి. తలుపు ముందు సామాను దించుతున్నప్పుడు అంటించిన టికెట్ అయితే 2016 జాప్సన్ వర్సెస్ హోమ్‌గార్డ్ తీర్పు చదవండి. సామాను దించడానికి కాసేపు ఆగడం పార్కింగ్ కాదన్నారు.

శీను సౌతాల్

హీత్రూలో అమ్మానాన్నల్ని దించి డ్రాప్ ఆఫ్ ఫీజు కట్టడం మర్చిపోతే?

గోదారిగట్టు

మర్నాడు అర్ధరాత్రి దాకా ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. ఫ్లైట్ ఎక్కించి ఇంటికి రాగానే కట్టెయ్యండి. దాటిపోయి లేఖ వస్తే, విమానాశ్రయాలు, రైల్వే స్టేషన్లలో సొంత బైలాస్ వర్తించే నేల పోఫాలోకి రాదు, కాబట్టి అక్కడ కీపర్ బాధ్యత ఉండదు. డ్రైవర్ ఎవరో చెప్పకుండా ఉంటేనే ఈ వాదన.

మీనా కోవెంట్రీ

ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, లింకు నొక్కి కట్టమని. నిజమేనా?

పెన్నాతీరం

నొక్కకండి. డీవీఎల్ఏ ఇచ్చేది పేరు, చిరునామా, ఫోన్ నంబర్ కాదు. మీరు ఆ పార్కింగ్ యాప్‌లో నంబర్ ఇవ్వకపోతే వాళ్లకి అది తెలిసే దారి లేదు. మెషీన్ మీద అతికించిన క్యూఆర్ కోడ్ కూడా గోటితో గీకి చూడండి. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే మోసం.

ఓరుగల్లు పోరడు

స్కాట్లండ్ సంగతి ఎవరూ చెప్పలే. గ్లాస్గోల ఉండేటోళ్లు అడుగుతున్నరు.

పెన్నాతీరం

నాలుగో షెడ్యూల్ స్కాట్లండ్‌కీ ఉత్తర ఐర్లండ్‌కీ వర్తించదు. కీపర్ బాధ్యత అన్నదే లేదు, డ్రైవర్ మీదే వెళ్లాలి. అందుకే అక్కడ డ్రైవర్ పేరు బయటపెట్టకపోవడం ఇంకా ముఖ్యం. స్కాట్లండ్‌లో అయిదేళ్లు దాటిన బాకీ చెల్లదు, ఇంగ్లండ్‌లో ఆరేళ్లు. గ్లాస్గోలో ఉంటూ కార్లైల్ వైపు వచ్చి ఆపితే మాత్రం ఆపిన నేల ఇంగ్లండ్ కాబట్టి లేఖలో పోఫా మాటలు, 14 రోజుల లెక్క మామూలుగానే చూసుకోండి.